నెత్తురు రహస్యం వెదకిన తెలుగువాడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన సంఘం ఉగాది సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను వెనుకాడిన మాట నిజం. నేను రచయితను కాను. మెట్రిక్యులేషను చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకుంటున్నవాణ్ణి. రసీదులు, హాజరు పట్టీలు తప్ప వేరే వ్రాతకోతలు ఎరుగను. అయినప్పటికీ ఒక మహనీయుని కథ చాలా కాలంగా నా మనస్సులో మెదులుతున్నది. ఆయన తెలుగువాడు. మన పెద్దలవలెనే ఉన్న ఊరు విడిచి పరాయి సీమకు పోయినవాడు. ఆ కథ మన ఇళ్ళలో పిల్లలకు తెలియాలని నా కోరిక. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఈ కథ నాకు ఎందుకు పట్టుకున్నదో ముందుగా మనవి చేసుకుంటాను. మా నాయన చిత్తూరు జిల్లా నుంచి రైలుకట్ట మీద గ్యాంగు పనికి వచ్చి, ఈ సోగత్తూరులో కాపురం పెట్టాడు. ఎండనక వాననక పని చేసినా ఒక్కనాడు మంచం పట్టి ఎరుగడు. నొప్పి లేనిదే డాక్టరు దగ్గరకు ఎందుకు పోవాలనేది ఆయన వాదం. ఒకనాడు తెల్లవారుజామున మూతి వంకరపోయి, కుడి చేయి పడిపోయింది. మూడోనాడు కన్నుమూశాడు. రక్తపోటు ఎన్నో ఏండ్లుగా ఎక్కువగా ఉండి ఉండాలనీ, మెదడులో నాళం చిట్లిందనీ డాక్టరు చెప్పాడు. మా నాయన చేతికి రక్తపోటు చూచే పట్టీ కట్టింది ఆ ఒక్కసారే. అప్పటినుంచి నెత్తురును గురించి, గుండెను గురించి దొరికిన పుస్తకమల్లా చదువుతూ వచ్చాను. ఆ చదువులోనే యల్లాప్రగడ సుబ్బారావుగారు నాకు తారసపడ్డారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన గోదావరి సీమలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం విడువవలసి వచ్చింది. ఏడుగురు పిల్లల సంసారం. ఇంట్లో కలిమి లేదు.

పిల్లవాడికి చదువు మీద మొదట్లో దృష్టి లేదు. పదమూడేండ్ల వయస్సులో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడట. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని ఊహ. తల్లి వెదకి పట్టుకొని వెనుకకు తెచ్చింది. మెట్రిక్యులేషను పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి కూర్చొని గట్టెక్కాడు. నేను గూడా రెండోసారికి గట్టెక్కినవాణ్ణే గనుక ఈ ముక్క చదివినప్పుడు నాకు కొంత ధైర్యం కలిగింది. పరీక్ష తప్పిన మన పిల్లలను తిట్టబోయే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ఇంట తండ్రి పోయిన తరువాత గూడా వెంకమ్మగారు కొడుకు చదువు ఆగనివ్వలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియెట్ చదివేటప్పుడు ఆయన మనస్సు సన్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరాలని తహతహలాడారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే అదీ లోకసేవయే గదా అని పెద్దలు నచ్చజెప్పగా మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్నేహితులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారనే పెద్దమనిషి కొంత డబ్బు సాయం చేశారు. తరువాత ఆ సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిని ఆయన వివాహం చేసుకున్నారు.

అవి గాంధీగారి పిలుపు దేశమంతటా మారుమోగుతున్న రోజులు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స గదిలోకి ఖద్దరు అంగీ తొడుక్కొని వెళ్ళారు. అది దొరగారైన ఆచార్యునికి కోపం తెప్పించింది. ఫలితంగా చదువు అంతా బాగా సాగినా పెద్ద పట్టా ఇవ్వక, దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టారు. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్యశాఖలో తలుపులు తెరుచుకోలేదు.

అంతకన్న పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో ఒకే రోగానికి బలి అయినారు. దానిని డాక్టర్లు స్ప్రూ అంటారు. మన పెద్దలు సంగ్రహణి అనే జబ్బుకు దగ్గరిది. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు. నోరు పూస్తుంది. నెత్తురు పలచబడి మనిషి పాలిపోయి, క్షీణించి చనిపోతాడు. వైద్యం చదివిన తమ్ముడు, అన్న, కళ్ళెదుటే ఉన్నా ఏమీ చేయలేకపోయాడు. ఆనాడు ఆ రోగానికి నమ్మదగిన మందు ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. ఈ దుఃఖమే ఆయన తక్కిన జీవితానికి దారి చూపిందని చెప్పవచ్చు.

మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో ఆయన శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉపాధ్యాయుడుగా చేరారు. ఆ శాస్త్రంలో రక్త ప్రసరణం ముఖ్యమైన పాఠం. ఆయన తరువాత సాధించినవి అర్థం కావాలంటే ఆ పాఠం మనకు గూడా కొంత తెలియాలి. కాబట్టి కథను ఇక్కడ కాసేపు నిలిపి, నాకు అర్థమైనంత మేరకు చెబుతాను.

గుండె పిడికిలి అంత కండరపు సంచి. అందులో నాలుగు గదులు. కుడివైపు గదులు ఒంటిలో తిరిగి వచ్చిన నెత్తురును ఊపిరితిత్తులకు పంపుతవి. అక్కడ ప్రాణవాయువు నింపుకొని వచ్చిన నెత్తురును ఎడమవైపు గదులు శరీరమంతటికి పంపుతవి. గదుల నడుమ ఒకే వైపుకు తెరుచుకొనే కవాటాలు ఉన్నవి. కాబట్టి నెత్తురు వెనుకకు పోదు. తీరికగా కూర్చున్న మనిషి గుండె నిమిషానికి సుమారు 70 సార్లు కొట్టుకుంటుంది. ఒక్కొక్క పోటుకు సుమారు 70 మిల్లీలీటర్ల నెత్తురు బయటికి తోస్తుంది. లెక్క వేస్తే నిమిషానికి దాదాపు 5 లీటర్లు. మనిషి ఒంటిలో ఉన్న నెత్తురు మొత్తం గూడా ఇంచుమించు అంతే. అంటే ఉన్న నెత్తురంతా నిమిషానికి ఒకసారి చుట్టు తిరిగి వస్తున్నదన్నమాట. ఇటువంటి లెక్కతోనే ఇంగ్లండులో విలియం హార్వే అనే వైద్యుడు 1628లో నెత్తురు ఒక చుట్టుగా తిరుగుతుందని నిరూపించాడు. అంతవరకు రోజూ కొత్త నెత్తురు కాలేయంలో పుట్టి ఒంటిలో ఇంకిపోతుందని పండితులు నమ్మేవారు.

ఇక రక్తపోటు. మన ధర్మపురి జిల్లాలో ఉన్నవారికి ఇది చెప్పడం తేలిక. హొగెనక్కల్ దగ్గర కావేరి నీటిని పంపులతో ఎత్తి, పెద్ద గొట్టాల గుండా ఊరూరి ట్యాంకులకు పంపుతున్నారు గదా. పంపు గుండె అనుకుందాం. పెద్ద గొట్టాలు ధమనులు. ఇంటింటి సన్న గొట్టాలు చిన్న ధమనులు. చివరి కొళాయిలు వెంట్రుకకన్న సన్నని కేశనాళికలు. అక్కడే నెత్తురు తన సరుకు దింపి, చెత్త ఎత్తుకొని, సిరల దారిన గుండెకు తిరిగి వస్తుంది. పంపు ఆగినా కొళాయిలో నీళ్ళు వస్తూనే ఉంటవి. ఎందువల్ల? ఎత్తయిన ట్యాంకులో నీరు నిలిచి ఉన్నది గనుక. మన ఒంటిలో ఆ ట్యాంకు పని పెద్ద ధమని గోడలు చేస్తవి. గుండె నెత్తురును తోసినప్పుడు అవి రబ్బరువలె సాగుతవి. గుండె సడలినప్పుడు మళ్ళీ ముడుచుకొని నెత్తురును ముందుకు నెడుతవి. డాక్టరు చెప్పే రెండు అంకెలు ఇవే. గుండె తోసినప్పటి ఒత్తిడి పై అంకె. గుండె సడలినప్పుడు నాళాలలో మిగిలి ఉన్న ఒత్తిడి క్రింది అంకె. ఆరోగ్యవంతుడికి అవి 120కి, 80కి దరిదాపులలో ఉంటవి.

ఇవి మిల్లీమీటర్ల పాదరసం లెక్క. పాత వాక్యూం బ్రేకు బండ్లలో గార్డు చూచుకొనే కొలత గూడా పాదరసం లెక్కలోనే ఉండేదని మా ఆఫీసులో సీనియర్లు చెప్పేవారు. స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు మతగురువు గుర్రం ధమనిలోకి గాజు గొట్టం పెట్టి చూస్తే నెత్తురు 8 అడుగులు దాటి పైకి లేచిందని 1733లో ప్రకటించాడు. మన ఒత్తిడితో అయితే సుమారు 5 అడుగులు లేస్తుంది. మనిషికి గొట్టం గుచ్చకుండా చేతికి పట్టీ కట్టి కొలిచే సాధనం ఇటలీలో రివా రోచ్చి 1896లో చేశాడు. పట్టీ క్రింద నాళం చప్పుడు విని రెండు అంకెలూ కనిపెట్టే పద్ధతి రష్యాలో కొరొట్కోవ్ 1905లో చెప్పాడు. ఇప్పటికీ డాక్టరుగారు మోచేతి మడతలో స్టెతస్కోపు పెట్టి వినేది ఆ చప్పుడే.

ఒత్తిడి ఎందుకు పెరుగుతుంది? గుండె ఎక్కువ తోసినా పెరుగుతుంది, చిన్న ధమనులు బిగుసుకున్నా పెరుగుతుంది. గొట్టం లోపలి వెడల్పు సగమైతే అడ్డు రెట్టింపు కాదు, పదహారు రెట్లవుతుంది. ఒంటిలో ఉప్పు పెరిగితే అది నీటిని పట్టి ఉంచుతుంది, నెత్తురు పరిమాణం పెరుగుతుంది. మూత్రపిండాలు ఆ ఎక్కువను తోడివేయలేకపోతే పోటు అక్కడే నిలిచిపోతుంది. గొట్టాలకు నొప్పి తెలియదు. ఏండ్ల తరబడి ఒత్తిడి పడి గోడ చెడిన తరువాత గాని మనకు తెలియదు. మా నాయన విషయంలో జరిగింది ఇదే.

ఇంతకూ ఆ పంపును నడిపే ఇంధనం ఏది? రోజుకు లక్ష సార్లు ముడుచుకొనే ఆ కండరానికి బలం ఎక్కడినుంచి వస్తున్నది? సుబ్బారావుగారు మద్రాసులో పాఠాలు చెప్పే రోజుల్లో ఈ ప్రశ్నకు సరియైన జవాబు ఎవరికీ తెలియదు. దానిని కనుగొనడంలో ప్రధాన పాత్ర వహించినవారు ఆయనే. ఇక కథలోకి వద్దాం.

అమెరికా వెళ్ళి ఉష్ణదేశ రోగాలను గురించి చదవాలని ఆయన సంకల్పించారు. చేతిలో పైకం లేదు. మామగారు కొంత కూడబెట్టి ఇచ్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. ఈ సత్యలింగ నాయకర్ గారు ఎవరో మన సంఘంవారు తెలుసుకోదగినది. ఆయన గూడా వలస పోయినవాడే. బర్మా వెళ్ళి రంగూనులో కష్టపడి ధనం గడించి, దానిని స్వస్థలంలో విద్యాదానానికి ధర్మంగా వ్రాసి ఇచ్చిన పుణ్యాత్ముడు. ఒక వలస తెలుగువాని చెమట మరొక తెలుగువానికి సముద్రం దాటే దారి అయింది.

భార్యను పుట్టింట విడిచి, చదువు ముగించుకొని తిరిగి వచ్చే తలంపుతోనే ఆయన ఓడ ఎక్కారు. మళ్ళీ స్వదేశం చూడలేదు. ఆయన వెళ్ళిన తరువాత కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ పసితనంలోనే చనిపోయాడు. తండ్రి బిడ్డ మొగం ఎరుగడు. శేషగిరిగారు ఇక్కడ ఎదురు చూస్తూనే ఉండిపోయారు. ఆయన ఘనతను చెప్పుకొనేటప్పుడు ఈ ఇల్లాలిని మరచిపోవడం న్యాయం కాదు. దూరదేశం పోయినవాని కష్టం లోకానికి కనిపిస్తుంది, ఇంట మిగిలినవారి కష్టం లెక్కలోకి రాదు. ఈ మాట మన కుటుంబాలకు ఒకరు చెప్పనక్కరలేదు.

బోస్టను నగరంలో హార్వర్డు విశ్వవిద్యాలయం వారి ఉష్ణదేశ వైద్య పాఠశాలలో ఆయన డిప్లొమా పొందారు. మన దేశపు వైద్య పట్టాకు అక్కడ విలువ లేదు. బ్రతుకు తెరువు కోసం ఒక ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరుగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తారు. డాక్టరు చదువు చదివిన బ్రాహ్మణ యువకుడు ఆ పనికి సిగ్గుపడలేదు. పగలు మాత్రం ప్రయోగశాలలో గడిపేవారు.

ఆ ప్రయోగశాలలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి ఆయన మొదట చేసిన పని నెత్తురులోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతి కనుక్కోవడం. ఒక మందు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత ముదురైతే భాస్వరం అంత ఎక్కువ. 1925లో ప్రకటించిన ఈ పద్ధతి ఫిస్క్ సుబ్బారావు పద్ధతి అనే పేరుతో లోకమంతటా వ్యాపించింది. జీవరసాయనం చదివిన విద్యార్థులు తరతరాలుగా ఆ పేరు వల్లించారు.

కొలబద్ద సరియైనది దొరికితే సగం పని అయినట్లే. ఆ కొలబద్దతో కండరంలోని భాస్వరాన్ని పరీక్షిస్తూ ఉండగా, అంతవరకు ఎవరికీ తెలియని పదార్థం ఒకటి బయటపడింది. కండరం పనిచేస్తే అది తరుగుతున్నది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ పెరుగుతున్నది. దానికి ఫాస్ఫోక్రియేటిన్ అని పేరు. 1927లో దానిని ప్రకటించారు. కండర బలమంతా లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని అప్పటికే నోబెల్ బహుమానం పొందిన పెద్దలు చెప్పిన సిద్ధాంతం దీనితో కదలిపోయింది. రెండేండ్లకు, 1929లో, ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు అనే పదార్థాన్ని గూడా వీరు కండరం నుంచి వేరుచేశారు. దానినే ఇప్పుడు క్లుప్తంగా ఏటీపీ అంటున్నారు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ అనే శాస్త్రజ్ఞుడు వేరుగా దానినే కనుగొన్నాడు.

తరువాతి పరిశోధకులు తేల్చినదేమంటే, ప్రాణి ఒంటిలో జరిగే ప్రతి పనికీ చేతి ఖర్చు ఈ ఏటీపీయే. తిన్న సంగటి, పప్పు ఏదైనా చివరకు ఈ నాణెంగా మారితేనే కండరానికి చెల్లుతుంది. ఫాస్ఫోక్రియేటిన్ చేతిలో చిల్లర అయిపోగానే అందుకొనే కొంగుముడి వంటిది. గుండె కండరంలో ఉండే ఏటీపీ నిల్వ కొద్ది సెకండ్లకు మాత్రమే సరిపోతుంది. ఎప్పటికప్పుడు కొత్తది తయారు కావలసిందే. దానికి ప్రాణవాయువు కావాలి, ప్రాణవాయువు తేవడానికి నెత్తురు కావాలి. గుండె నెత్తురును నడుపుతుంది, నెత్తురు గుండెను నడుపుతుంది. మరొక వింత ఏమంటే, కండరం ముడుచుకోవడానికే గాక సడలడానికి గూడా ఈ ఏటీపీ కావాలి. విశ్రాంతి గూడా ఊరికే రాదు, దానికీ ఖర్చు ఉన్నది.

1930లో ఆయన హార్వర్డులో పిహెచ్.డి. పట్టం పొందారు. ఇంత చేసినా అక్కడ స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. తన పనిని గురించి తాను చెప్పుకోవడం ఆయన స్వభావంలో లేదు.

తరువాత ఆయన దృష్టి నెత్తురు మీదకు, పాండురోగం మీదకు మళ్ళింది. 1926లో అదే బోస్టనులో మైనాట్, మర్ఫీ అనే డాక్టర్లు ఒక ప్రాణాంతకమైన పాండురోగాన్ని కాలేయం తినిపించి నయం చేశారు. కాలేయంలో ఆ గుణం ఏ పదార్థానిదో విడదీయాలని సుబ్బారావుగారు పూనుకున్నారు. మన దేశంలో గూడా దీనికి సంబంధించిన పని జరిగింది. బొంబాయి మిల్లులలో పనిచేసే గర్భిణులకు వచ్చే పాండురోగం ఈస్టు సారంతో నయమవుతుందని లూసీ విల్స్ అనే డాక్టరమ్మ 1931లో చూపించారు. ఆకులలో గూడా అటువంటి పదార్థం ఉన్నదని తేలి, 1941లో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. లాటిను భాషలో ఆకు అనే మాట నుంచి వచ్చిన పేరు అది. మన ఇంట వండుకొనే తోటకూర, పాలకూరలలో ఉన్నది గూడా ఇదే.

1940లో సుబ్బారావుగారు హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే చోట లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలలో చేరారు. తరువాత అక్కడి పరిశోధనలకు అధిపతి అయినారు. ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కాలేయం నుంచి వేరుచేసి, దాని నిర్మాణం తేల్చి, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసింది.

ఈ ఆమ్లం లేకపోతే ఏమవుతుందో చెప్పాలి. మన నెత్తురులోని ఒక్కొక్క ఎర్రకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. పోయినవాటి స్థానంలో ఎముకల మూలుగలో సెకండుకు 20 లక్షల కొత్త కణాలు పుట్టాలి. కణం రెండుగా చీలడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. అది లేనప్పుడు కణాలు చీలలేక, లావుగా, కొద్దిగా తయారవుతవి. నెత్తురు పలచబడితే గుండె ఏం చేస్తుంది? తక్కువ సరుకు మోసే బండ్లను ఎక్కువ సార్లు నడుపుతుంది. గుండె దడ, ఆయాసం, కాళ్ళ వాపు అందువల్లనే వస్తవి.

ఫోలిక్ ఆమ్లం చేతికి రాగానే డాక్టర్లు దానిని క్యూబా, పోర్టో రికో దీవులలో ఒక రోగంతో క్షీణిస్తున్నవారికి ఇచ్చి చూశారు. కొద్ది రోజులలో నెత్తురు పుంజుకొన్నది, ఆకలి తిరిగి వచ్చింది. ఆ రోగం పేరు స్ప్రూ. సోదరులను పొట్టన పెట్టుకొన్న ఆ రోగానికే మందు ఇరవై ఏండ్ల పైచిలుకు తరువాత తమ్ముడి బృందం చేతినుంచి వచ్చింది. చనిపోయినవారు తిరిగి రారు. అయినా ఈ చోటు చదివినప్పుడల్లా నాకు కళ్ళు చెమ్మగిల్లుతవి.

ఈనాడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. గర్భం తొలి వారాలలో అది తగినంత ఉంటే బిడ్డ వెన్నుపాము లోపాలు చాలావరకు తప్పుతవని 1991లో రుజువైంది. మాత్రలు నల్లగా విరేచనం చేస్తవని పారవేసే ఆడపడుచులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అయితే పాండురోగాలన్నింటికి ఇది ఒక్కటే మందు కాదు. కొన్నింటికి బి12 విటమిను కావాలి. కాబట్టి డాక్టరు సలహా తప్పనిసరి.

ఫోలిక్ ఆమ్లం కణాలను పెంచుతుంది గదా, మరి కణాలు విపరీతంగా పెరిగే నెత్తురు క్యాన్సరుకు దానిని అడ్డుకొనే మందు పనికిరాదా అనే ఆలోచన వచ్చింది. సుబ్బారావుగారి బృందం అటువంటి మందు చేసి బోస్టనులోని సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టరుకు పంపింది. దాని పేరు ఎమినాప్టెరిన్. అంతవరకు ఆ జబ్బు వచ్చిన బిడ్డకు వారాలు, నెలలు తప్ప ఆయుస్సు లేదు. 16 మంది పిల్లలకు ఈ మందు ఇస్తే 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టినట్లు ఫార్బర్ 1948లో ప్రకటించాడు. ఆ ఉపశమనం తాత్కాలికమే. కాని అసాధ్యమనుకొన్నది సాధ్యమని తేలింది. దాని తోబుట్టువైన మెథొట్రెక్సేటు ఈనాటికీ ఆ జబ్బుకు ఇచ్చే మందులలో ఒకటి. కీళ్ళవాతానికి గూడా వాడుతున్నారు. ఇప్పుడు ఆ జబ్బు పడిన పిల్లలలో ఎక్కువమంది బ్రతికి పెద్దవారవుతున్నారు.

ఇంకా ఉన్నది. బోదకాలుకు వాడే హెట్రజాన్ మందు 1947లో ఆయన పరిశోధనశాల నుంచే వచ్చింది. ఆ రోగంలో నెత్తురు నాళాలకు తోడుగా ఒంటిలో నీరు తోడే నాళాలలో పురుగులు చేరి, దారి మూసుకుపోయి కాలు వాస్తుంది. మన దేశంలో 2004 నుంచి ఊరూరా ఏటా ఉచితంగా పంచిన బోదకాలు మాత్రలు ఈ మందే. 1948లో ప్రకటించిన ఆరియోమైసిన్ అనే మందు గూడా అక్కడ పుట్టినదే. మట్టిలోని బూజు వంటి సూక్ష్మజీవి నుంచి డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు దానిని కనుగొన్నాడు. అటువంటి ఎన్నో రకాల సూక్ష్మక్రిములను అణచే తొలి మందులలో అది ఒకటి.

ఇన్ని పనులు నెత్తిన పెట్టుకొన్న మనిషికి విశ్రాంతి ఎక్కడిది? 1948 ఆగస్టులో, నిద్రలోనే, గుండెపోటుతో సుబ్బారావుగారు పరమపదించారు. అప్పటికి వయస్సు 53 ఏండ్లే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. పాతికేండ్లు అమెరికాలో ఉన్నా ఆయన అక్కడి పౌరుడు కాలేదు, భారతీయునిగానే పోయారు.

గుండెపోటు అంటే ఏమిటో ఇప్పుడు మనకు అర్థమవుతుంది. గుండె గదుల నిండా నెత్తురు ఉన్నా, గుండె కండరం దానిని నేరుగా త్రాగలేదు. ప్రత్యేకంగా తన కోసం ఏర్పడిన రెండు సన్న ధమనుల గుండానే తన వాటా తీసుకోవాలి. అవి మూసుకుపోతే ఆ మేర కండరంలో ఏటీపీ తయారీ ఆగిపోతుంది. కొద్దిసేపటికే కండరం చచ్చిపోతుంది. ఇందులో మరొక విశేషం ఉన్నది. నెత్తురు తోసేటప్పుడు గుండె బిగుసుకొని ఉంటుంది గనుక ఆ సన్న ధమనులు నొక్కుకుపోతవి. సడలినప్పుడే వాటిలోకి ఎక్కువగా నెత్తురు పారుతుంది. అంటే ఊరందరికీ అన్నం పెట్టే గుండె, తాను తినేది విశ్రాంతి వేళలోనే. కండరం పనిలో తరిగి విశ్రాంతిలో పూడుకొంటుందని లోకానికి చూపించిన మహానుభావుడు తనకు మాత్రం ఆ విశ్రాంతి ఇచ్చుకోలేదు.

ఆయన పేరు చాలా కాలం ఇక్కడి సామాన్యులకు తెలియలేదు. 1953లో ఒక బూజు జాతికి శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సంవత్సరమైన 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది. నోబెల్ బహుమానం రాలేదు. కాని ఆయన మందు తిన్న తల్లులు, బ్రతికిన పిల్లలు ఎన్ని లక్షల మందో ఎవరు లెక్క పెట్టగలరు?

నేను ఈ వ్యాసం ద్వారా మనవి చేసేది ఒక్కటే. మనం వలస వచ్చిన కుటుంబాలం. ఇల్లు నిలబెట్టాలనే ఆరాటంలో ఒంటిని మరచిపోవడం మనకు అలవాటు. రాత్రి డ్యూటీలు, హోటలు తిండి, చాలీచాలని నిద్ర. నొప్పి లేదు గనుక జబ్బు లేదనుకుంటాం. నలభై దాటినవారే గాక ముప్పై దాటినవారు గూడా ఏడాదికి ఒకసారైనా రక్తపోటు చూపించుకోవాలి. చూపించుకొనే ముందు అయిదు నిమిషాలు ఊరక కూర్చోవాలి. చేయి గుండె ఎత్తున బల్ల మీద ఆనించాలి. మాట్లాడరాదు. ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన కంగారు పడనక్కర లేదు, వేరొక రోజు మళ్ళీ చూపించుకోవాలి. మళ్ళీ మళ్ళీ పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని దాటుతుంటే డాక్టరు దగ్గరకు పోవాలి. మాత్ర వేసుకొంటే అంకె తగ్గింది గదా అని మాత్ర మానరాదు. మాత్ర వేసుకోవడం వల్లనే అది తగ్గింది. రోజు మొత్తానికి మనిషికి ఒక చిన్న చెంచాడు, అంటే 5 గ్రాముల ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఊరగాయ, అప్పడం, వడియంలో ఉన్నది గూడా ఆ లెక్కలోదే.

ఉగాది పచ్చడిలో ఆరు రుచులు ఉన్నవి. ఉప్పు గూడా అందులో ఉన్నది, కాని చిటికెడే. పెద్దలు ఏ కొలతలో పెట్టారో ఆ కొలతలోనే ఉంచుకుందాం. పండుగనాడు పంచాంగ శ్రవణం అయిన తరువాత, మన సంఘం గదిలో ఒక బల్ల మీద రక్తపోటు చూచే యంత్రం పెట్టిస్తామని కార్యదర్శిగారు ఒప్పుకొన్నారు. చూచేందుకు తెలిసిన నర్సమ్మ ఒకరు వస్తామన్నారు. మీ ఇంట నాయన, అమ్మ, మామ, అత్త ఎవరున్నా వెంటబెట్టుకొని రండి. మాకేమీ నొప్పి లేదని వారు అంటారు. మా నాయనా అట్లాగే అన్నాడు. చేయి పట్టుకొని తీసుకు రండి.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.